గుంటూరు ఎండలో మంచు లెక్కలు

(గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద, 2025 డిసెంబరు ఆఖరి ఆదివారం సాయంత్రం జరిగిన చిన్న సభలో మాట్లాడిన మాటలివి. ఫోన్‌లో రికార్డు చేసి, విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఇంతమందికి మైకెందుకు, తీసేయండి. వెనక కూర్చున్న మాస్టారూ, వినపడుతోందా? ఆఁ, సరే.

మా తమ్ముడు నన్ను పరిచయం చేస్తూ 'శీతాకాల క్రీడల విశ్లేషకులు' అనేశాడు. వాడి మాటకేం గానీ, నేను ఊరి చివర ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎన్ని లోపలికొచ్చాయి, ఎన్ని బయటికి పోయాయి, ఏ రైతుది ఏ లాటు, సరుకు దాచినందుకిచ్చే బాండు ఎవరి పేర ఉంది, ఇదీ ఇరవై ఏడేళ్లుగా నా పని. మంచు మీద జారడానికి కాళ్లకి కట్టుకునే స్కీ అనేదాన్ని నేను చేత్తో ముట్టుకోలేదు. మంచు కురుస్తుంటే చూడలేదు. మా అత్తగారి ఊరు రెంటచింతల, కాబట్టి ఎండల గురించి మాట్లాడమంటే ఇంకా బాగా మాట్లాడేవాణ్ణి. (నవ్వులు)

నాకు తెలిసిన చలల్లా మా ఛాంబర్లో చలే. మే నెలలో బయట నలభై నాలుగు ఉంటే లోపల ఆరేడు డిగ్రీలు. లోపలికెళ్లగానే చలీ మిర్చి ఘాటూ కలిసి ఒకేసారి ముక్కులో కొడతాయి, బయటికి రాగానే కళ్లజోడు మసకేసి ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడడు. పైన అమ్మోనియా పైపుల మీద తెల్లగా పేరుకుంటుంది చూశారూ, గోరుతో గీస్తే పొడిపొడిగా రాలుతుంది, నా జన్మకి నేను చూసిన స్నో అదే.

మరి నీకెందుకయ్యా ఈ పిచ్చి అంటే, 1998 ఫిబ్రవరిలో పట్టుకుంది. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. టిక్కీల మీద కూర్చుని టీ తాగుతూ పేపరు తిప్పుతుంటే ఆటల పేజీ అడుగున నాలుగే నాలుగు లైన్లు. జపాన్‌లో నగానో అనే ఊళ్లో వింటర్ ఒలింపిక్స్, మనవాడు శివ కేశవన్, వయసు పదహారు, ఆట పేరు 'ల్యూజ్'. ఆ ల్యూజ్ ఏమిటో రాయలేదు. ఇప్పటికీ మన పేపర్ల తీరు అంతే లెండి, మొన్నామధ్య ఒకదాంట్లో మంచు మీద పరుగెత్తి తుపాకీ కాల్చే బయాథ్లాన్‌ని ట్రయాథ్లాన్ చేసి, చలికాలంలో సముద్రంలో ఈత కొట్టించారు పాపం వాళ్లచేత. (నవ్వులు)

ల్యూజ్ అంటే చిన్న బల్లలాంటి స్లెడ్జి మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకి పెట్టి, గడ్డకట్టించిన మంచు కాలవలో జారడం. గంటకి నూట ముప్పై కిలోమీటర్లు కూడా దాటిపోతారు. టైమ్ సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. మన దేశంలో అలాంటి ట్రాక్ లేదు. మనాలీ దగ్గర పుట్టిన ఆ కుర్రాడు స్లెడ్జికి చక్రాలు బిగించుకుని హిమాలయాల రోడ్ల మీద, లారీలూ గొర్రెలూ తిరిగే రోడ్ల మీద ప్రాక్టీసు చేశాడు. వాళ్ల నాన్నది కేరళ, అమ్మది ఇటలీ. అలా మొదలెట్టి 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడాడండీ. అన్నిట్లోకీ మెరుగైన స్థానం 2006లో టొరినోలో, 25వది.

25వ స్థానం అనగానే మనవాళ్ల మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. 'ఓస్, ఇరవై అయిదా' అంటారు. నేను కూడా అనుకున్నాను మొదట్లో. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది ఆ 'ఓస్' గురించే.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి రిజిస్టరు ఇస్తే పై లైను చూసి, అడుగున టోటల్ చూసి మూసేస్తారు. అసలు సంగతంతా మధ్యలో ఉంటుంది. ఏ రైతు నవంబరు దాకా సరుకు తీయకుండా రేటు కోసం పంటి బిగువున ఆగాడు, ఎవరు మార్చిలో పెట్టి ఏప్రిల్లోనే అమ్ముకున్నాడు, ఎవరి బాండు మీద బ్యాంకు అప్పుంది, అంతా ఆ మధ్య గీతల్లోనే. మంచు ఆటల రిజల్ట్ షీటు కూడా అచ్చం అంతే. ఎవరు గెలిచారన్నది మొదటి గీత, చూడ్డానికి ఒక్క క్షణం పడుతుంది. మిగతా షీటు చదవడానికి ఒక్కోసారి నాకు గంట పడుతుంది.

బయాథ్లాన్ తీసుకోండి. నాకన్నిట్లోకీ ఇష్టమైన ఆట ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు చెప్తాను, విసుక్కోకండి. కాళ్లకి సన్నటి పొడవాటి స్కీలు, వీపున తుపాకీ, దాని బరువు మూడున్నర కిలోలకి తగ్గకూడదు. అలా కొండలెక్కుతూ దిగుతూ కిలోమీటర్లు పరుగెత్తి, రొప్పుతూ వచ్చి, ఆగి, యాభై మీటర్ల దూరంలో ఉన్న అయిదు నల్ల చుక్కల్ని కాల్చాలి. పడుకుని కాల్చేటప్పుడు ఆ చుక్క 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు, పాత సినిమా సీడీకి కాస్త తక్కువ. గుండె దడదడా కొట్టుకుంటూ ఉంటుంది, ఆ దడకి తుపాకీ కొన ఊగుతుంది, ఆ ఊగుడు మధ్యలో, శ్వాస బిగబట్టిన ఆ రవ్వంత సందులో మీట నొక్కాలి. మన పెళ్లిళ్లలో మూడో అంతస్తు మెట్లెక్కొచ్చి సూదిలో దారం ఎక్కించమంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

తప్పితే ఏమవుతుంది? స్ప్రింట్ రేసులో ఒక్కో తప్పుకీ 150 మీటర్ల చిన్న రింగు ఒకటి అదనంగా తిరగాలి. ఇరవై పైచిలుకు సెకన్లు పోతాయి. ఇండివిడ్యువల్ అని పాత పద్ధతి రేసు ఇంకోటుంది, మగాళ్లకి ఇరవై కిలోమీటర్లు, అందులో రింగులుండవు, ఒక్క తప్పుకి ఏకంగా ఒక నిమిషం టైముకి కలిపేస్తారు. అందుకని షీటులో పేరు పక్కన చిన్న అంకెలుంటాయి. 0, 1, 0, 2 అని. మొదటి రౌండు పడుకుని తప్పులు సున్నా, రెండోది నిలబడి ఒకటి, అలా. నేను ముందు చూసేది ఆ అంకెలే. ఒకమ్మాయి 38వ స్థానంలో ఉంటుంది, పక్కన నాలుగు సున్నాలుంటాయి. అంటే కాళ్లలో వేగం లేదు, చేతిలో మాత్రం బంగారం ఉంది. ఇంకొకడు ఆరో స్థానం, పక్కన అయిదు తప్పులు. వాడు మనిషి కాదు గుర్రం, గురి కుదిరిన రోజున వాణ్ణి ఆపేవాడు లేడు. ఈ ఇద్దర్నీ గుర్తుపెట్టుకుని మూడు వారాల తర్వాత వాళ్లు ఏం చేశారో చూడ్డంలో ఉందండీ మజా. తొలి స్థానంలో ఎవడున్నాడో అందరికీ తెలుస్తుంది, ముప్పై ఎనిమిదో స్థానంలో అమ్మాయి సంగతి మాత్రం గుంటూరులో నాకొక్కడికే తెలుసేమో అనిపిస్తుంది. కొంచెం గర్వం కూడా ఉంటుంది, దాచుకోను.

ఫ్రాన్స్ వాడు మార్టిన్ ఫుర్కాద్ కథ ఒకటి చెప్తాను. 2014 సోచీ ఒలింపిక్స్, పదిహేను కిలోమీటర్ల మాస్ స్టార్ట్, అంటే ముప్పై మందీ ఒకేసారి బయల్దేరే రేసు. చివరికి ఫుర్కాద్, నార్వే వాడు స్వెండ్సెన్, ఇద్దరే మిగిలారు. స్వెండ్సెన్ గీత దగ్గరికొస్తూ గెలిచేశాననుకుని తొందరపడి చేతులెత్తేశాడు, ఫుర్కాద్ కాలు చాపాడు. ఫోటో తీసి చూస్తే స్వెండ్సెన్‌దే. చేతులెత్తినా గెలిచాడు, కాలు చాపినా ఓడాడు. నాలుగేళ్లు తిరిగేసరికి 2018, దక్షిణ కొరియా, అదే రేసు, అదే దూరం. ఈసారి పక్కన జర్మనీ వాడు సిమోన్ షెంప్. మళ్లీ పక్కపక్కనే గీత దాటారు, మళ్లీ కాలు చాపాడు, మళ్లీ ఓడిపోయాననుకుని కోపంతో చేతిలో కర్రని కొట్టాడు. ఫోటో చూస్తే బూటు కొన ముందుంది ఇతనిదే! నేను మా వంటింట్లో నిలబడి ఫోన్లో చూస్తున్నాను, గట్టిగా అరిచాను, మా ఆవిడ పాలు పొంగాయనుకుని పరుగెత్తుకొచ్చింది. 2014 షీటు చదవనివాడికి 2018లో ఆ అరుపు రాదు. అదీ నేను చెప్పేది.

ఇదే ఆటలో జర్మనీ అమ్మాయి లౌరా డాల్‌మయర్. 2017లో హోఖ్‌ఫిల్జెన్ ప్రపంచ పోటీల్లో అయిదు బంగారాలు గెలిచింది, మరుసటేడు ఒలింపిక్స్‌లో రెండు. ఇరవై అయిదేళ్లకి 'ఇంక చాలు' అని ఆట మానేసి కొండలెక్కడానికి వెళ్లిపోయింది. ఆవిడకి అసలు ఇష్టం కొండలేనట. ఈ ఏడాది జులై ఆఖరులో కారకోరం పర్వతాల్లో లైలా పీక్ మీద రాళ్లు విరిగిపడి చనిపోయింది. ముప్పై ఒక్కేళ్లు. తన శవం కోసం ఎవరూ ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దని ముందే చెప్పి పెట్టుకుందట, అక్కడే వదిలేశారు. ఆ వార్త చదివేటప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఎవరికి చెప్పుకుంటాం? మా ముఠా మేస్త్రీ వచ్చి 'ఏంటి బాబాయ్, అలా ఉన్నావ్' అంటే, తెలిసిన అమ్మాయి పోయింది అన్నాను. ఎవరి తాలూకు అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. 'జర్మనీ వాళ్లమ్మాయి' అన్నాను. ఆయనేం అనకుండా టీ తెప్పించాడు.

సరే, స్కీలతో కొండ మీంచి గాల్లోకి దూకే ఆట, స్కీ జంపింగ్‌కి వద్దాం, ఎందుకంటే రేపటి నుంచే నాలుగు కొండల టోర్నమెంటు. జర్మనీలో ఓబెర్స్ట్‌డోర్ఫ్‌తో మొదలు, కొత్త సంవత్సరం రోజున గార్మిష్, తర్వాత ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, జనవరి 6న బిషోఫ్స్‌హోఫెన్‌తో ముగింపు. 1953 నుంచి జరుగుతోంది. ఇన్నేళ్లలో నాలుగింటికి నాలుగూ ఒకే టోర్నమెంటులో గెలిచినవాళ్లు ముగ్గురే, జర్మనీ వాడు హన్నవాల్డ్, పోలెండ్ వాడు స్టోఖ్, జపాన్ వాడు రియోయు కొబయాషి. మొదటాయన 2002లో గెలిస్తే, రెండోవాడి కోసం పదహారేళ్లు పట్టింది, మూడోవాడు ఆ మరుసటేడే వచ్చేశాడు. అదృష్టానికి కూడా బస్సులకున్నట్టే టైమింగ్ ఉండదు.

ఇందులో ఎవడు ఎక్కువ దూరం దూకితే వాడిదే గెలుపు అనుకుంటారు చూడండి, అదే పొరపాటు. దూరానికి పాయింట్లు, వాలకానికి పాయింట్లు, గాలికి పాయింట్లు. కొండకి ఒక గురుతు గీత ఉంటుంది, దాన్నే కె పాయింట్ అంటారు. పెద్ద కొండ మీద అది 120 మీటర్లు అనుకోండి, సరిగ్గా అక్కడ దిగితే 60 పాయింట్లు, ఆపైన ప్రతి మీటరుకీ 1.8 కలుస్తుంది. 130 దూకితే 78 అన్నమాట. తర్వాత అయిదుగురు జడ్జీలు ఎగిరిన తీరుకీ దిగిన తీరుకీ ఇరవైకి మార్కులేస్తారు, అన్నిట్లోకీ ఎక్కువదీ తక్కువదీ తీసేసి మధ్య మూడూ కలుపుతారు. మన ఊళ్లో ఎద్దుల పందేల దగ్గర ఈ పద్ధతుంటే సగం గొడవలు తగ్గేవి. ఇంక గాలి లెక్క. ఎదురుగాలి వస్తే స్కీల కింద పట్టి మోస్తుంది, దూరం వస్తుంది, కాబట్టి పాయింట్లు కోస్తారు. వెనక గాలైతే కిందికి నొక్కేస్తుంది, అప్పుడు కలుపుతారు. గాలిని సాకు చెప్పడం మనందరికీ అలవాటే గానీ, ఆ సాకుని దశాంశం దాకా లెక్కగట్టి షీటులో అచ్చేసిన ఆట ఇదొక్కటే నాకు తెలిసి. అందుకే తక్కువ దూకినవాడు గెలవడం, ఎక్కువ దూకినవాడు నోరెళ్లబెట్టి బోర్డు వంక చూడ్డం మామూలు.

మోసాలు లేవా అంటే, ఎందుకు లేవు. వేసుకునే సూటు వదులుగా ఉంటే గాలి పడుతుంది, అంచేత సూటు కొలతల మీద పెద్ద పంచాయితీ. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆడామగా కలిసి దూకే మిక్స్‌డ్ టీమ్ పోటీలో ఒక్కరోజే అయిదుగురు అమ్మాయిలని సూటు బాగోలేదని తీసేశారు. ఈ ఏడాది మార్చిలో ట్రోన్‌హైమ్ ప్రపంచ పోటీల్లో సొంతగడ్డ మీద నార్వే జట్టు వాళ్లే సూట్లలో గట్టి దారం వేసి కుట్టించి దొరికిపోయారు. మిర్చిలో తేమ ఎక్కించి తూకం పెంచేవాళ్లని రోజూ చూసేవాణ్ణి, నాకేం ఆశ్చర్యం వేయలేదు. దారమైతేనేం, నీళ్లయితేనేం.

అదే ట్రోన్‌హైమ్‌లో, అదే పోటీల్లో, స్కీలతో దూరాలు పరుగెత్తే క్రాస్ కంట్రీలో క్లెబో అని ఆ ఊరి అబ్బాయి ఆరింట్లో దిగి ఆరూ గెలిచాడు. ఆ దేశం సంగతి ఒక్క మాటలో చెప్తాను. మన పాత గుంటూరు జిల్లా జనాభా 2011 లెక్కల్లో 48 లక్షల పైచిలుకు. నార్వే మొత్తం జనాభా 55 లక్షలు. బీజింగ్‌లో వాళ్లకొచ్చినవి 37 పతకాలు, అందులో 16 బంగారాలు. తెనాలి నుంచి మాచర్ల దాకా జనాన్ని పోగేస్తే అంత దేశం. (వెనక నుంచి ఎవరో: మనకి మంచు లేదుగా!) మంచు లేదు నిజమే తమ్ముడూ, సముద్రం ఉంది కదా, ఈతలో ఎన్నొచ్చాయి మనకి? (నవ్వులు)

ఇప్పుడు అసలు కథ, మా ఇంట్లో జరిగింది. ఈ ఏడాది ఫిబ్రవరి 23, ఆదివారం. మీ అందరికీ గుర్తుండాలి, ఛాంపియన్స్ ట్రోఫీ, దుబాయ్‌లో పాకిస్తాన్ మ్యాచ్, కోహ్లీ సెంచరీ. మా హాల్లో బావమరుదులు, మేనల్లుళ్లు, పక్కింటి వాళ్లు, మొత్తం పన్నెండు మంది. నేను వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఎందుకంటే అదే రోజు ఇటలీలో సెస్ట్రియేర్ అనే చోట స్లాలమ్ రేసు, అంటే మంచు కొండ మీద పాతిన గేట్లనే కర్రల మధ్య మెలికలు తిరుగుతూ స్కీల మీద దిగడం, అమెరికా అమ్మాయి మికేలా షిఫ్రిన్ వందో వరల్డ్ కప్ గెలుపు కోసం దిగుతోంది.

ఆ వందకి వెనక చాలా ఉంది. స్వీడన్ వాడు స్టెన్‌మార్క్ 86 గెలుపులతో ఆపేశాడు, ఆ రికార్డు ఎవరూ కొట్టలేరని దశాబ్దాలు అనుకున్నారు, ఈమె దాటేసింది. 99 అయ్యాక, 2024 నవంబరు 30న, సొంత దేశంలో కిల్లింగ్టన్‌లో, మొదటి రన్‌లో ముందుంది, రెండో రన్‌లో గేటుకి తగిలి పడిపోయింది. పొట్ట పక్కన ఏదో గుచ్చుకుని కండరం చీలింది, ఆపరేషన్ చేశారు. రెండు నెలలు ఆటకి దూరం. దానికి ముందు, 2022 బీజింగ్‌లో, అంతటి మనిషి స్లాలమ్‌లో మొదలెట్టిన కొన్ని సెకన్లకే గేటు తప్పి, ట్రాక్ పక్కన మంచులో మోకాళ్లలో తలపెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయింది. ఆ ఒలింపిక్స్‌లో ఒక్క పతకం లేదు. నేనా దృశ్యం చూసిన రోజు అన్నం సహించలేదు.

ఇంతకీ సెస్ట్రియేర్. షిఫ్రిన్ కిందికి దిగింది, బోర్డు మీద పచ్చ రంగు పడింది, వంద! నేను 'హండ్రెడ్!' అని అరిచాను. హాల్లోంచి పన్నెండు గొంతులు 'ఎవరిదీ? కోహ్లీ ఇంకా బ్యాటింగే రాలేదుగా' అని. మా చిన్న మేనల్లుడు పరుగెత్తుకొచ్చి ఫోన్ చూసి, 'మావయ్యా, ఎవరో తెల్లమ్మాయి, ఏడుస్తోంది' అని వాళ్లకి రిపోర్టిచ్చాడు. రాత్రికి కోహ్లీ వంద కూడా అయింది, ఆ ఫోరుతోనే మ్యాచ్ అయిపోయింది, అప్పుడు అందరితోపాటు నేనూ అరిచాను, నాకేం క్రికెట్ మీద పగ లేదు. కాకపోతే ఆ రోజు మా ఇంట్లో రెండు వందలు పడ్డాయని నాకూ ఆ చిన్నోడికీ మాత్రమే తెలుసు. ఇప్పుడు వాడు నాకంటే ముందే స్టార్ట్ లిస్టు చూస్తున్నాడు.

టైమ్ సంగతి అడుగుతారు చాలామంది. చలికాలంలో యూరప్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం రెండున్నర అంటే మనకి రాత్రి ఏడు. డ్యూటీ దిగి, స్నానం చేసి కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది, క్రికెట్ కంటే సుఖం. చిక్కల్లా రాత్రి రేసులతో. ఆస్ట్రియాలో ష్లాడ్‌మింగ్‌లో దీపాల వెలుగులో జరిగే స్లాలమ్ రెండో రన్ అయ్యేసరికి మనకి ఒంటిగంట దాటుతుంది. ఒకసారి అలా మేలుకుని, పొద్దున్నే ఆఫీసుకెళ్లి, తేజ రకం మిర్చి లాట్లని 334 రకం కాలమ్‌లో రాసేశాను. యాభై ఎనిమిది టిక్కీలు. రైతు వచ్చి, 'గుమాస్తా గారూ, మా తేజ ఏమైంది' అని నిలదీస్తే కాళ్లలో వణుకు పుట్టింది. మా ఓనరు ఏమన్నాడో ఇక్కడ చెప్పలేను, ఆడవాళ్లున్నారు. తప్పు నాదే, షీటుని చదివినంత జాగ్రత్తగా రిజిస్టరు రాయలేదు ఆ రోజు.

అదృష్టం గురించి ఒక మాట. ఆస్ట్రేలియా వాడు స్టీవెన్ బ్రాడ్‌బరీ, 2002, సాల్ట్ లేక్ సిటీ, షార్ట్ ట్రాక్, అంటే మంచు గడ్డ మీద స్కేట్లతో పోటీ, వెయ్యి మీటర్లు. ఫైనల్లో అందరికంటే వెనక వస్తున్నాడు, ఆఖరి మలుపులో ముందున్న నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు, ఇతను తాపీగా వాళ్ల పక్కనుంచి వచ్చి గీత దాటాడు. దక్షిణార్ధ గోళానికే మొట్టమొదటి వింటర్ ఒలింపిక్ బంగారం. యూట్యూబ్‌లో చూసి అందరూ నవ్వుతారు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారు. ఆ నవ్వేవాళ్లు అంతకుముందు షీట్లు చూడలేదు. 1994లో ఇతని తొడ మీద అవతలివాడి స్కేటు దిగి నాలుగు లీటర్ల రక్తం పోయింది, 111 కుట్లు పడ్డాయి. 2000లో మెడ ఎముక విరిగింది. అదే 1994లో రిలేలో కాంస్యం తెచ్చిన నలుగురిలో ఇతనొకడు, ఆ దేశానికి అదే మొదటి వింటర్ పతకం. కాబట్టి ఎద్దు గుడ్డిది కాదు, చేనుకి దారి పదేళ్లుగా దానికి తెలుసు.

చెక్ అమ్మాయి ఎస్తెర్ లెదెత్స్కాది ఇంకో రకం. 2018 ఒలింపిక్స్‌లో సూపర్ జి, అంటే స్కీల మీద మహా వేగంగా కొండ దిగే రేసు, పెద్దపెద్దవాళ్లంతా దిగేశారు, ఆస్ట్రియా అమ్మాయి అన్నా వైత్ గెలిచేసిందని టీవీ వాళ్లు తేల్చేశారు. 26వ నంబరుతో ఈమె దిగింది, అసలు ఒకే పలక మీద జారే స్నోబోర్డు మనిషి, సెకనులో నూరో వంతు తేడాతో ముందుంది! కింద నిలబడి బోర్డు వంక చూస్తూ ఉండిపోయింది, తప్పు పడిందనుకుంది. ప్రెస్ మీట్‌కి కూడా కళ్లద్దాలు తీయలేదు, ఇక్కడికి రావాల్సొస్తుందని అనుకోలేదు, మేకప్ వేసుకోలేదు అంది. సరిగ్గా వారానికి స్నోబోర్డులోనూ బంగారం కొట్టింది. అప్పటి నుంచి నేను ఆఖరి నంబరు దిగేదాకా ఫోన్ కట్టేయను. కరెంటు పోతే తప్ప.

ఆఖరి నంబర్లన్నాను కాబట్టి మనవాడి గురించి. ఆరిఫ్ ఖాన్, గుల్మార్గ్ దగ్గరివాడు, బీజింగ్‌కి మన దేశం నుంచి వెళ్లింది అతనొక్కడే. గేట్లు ఇంకాస్త దూరదూరంగా ఉండే జయింట్ స్లాలమ్ రోజు మంచు కురుస్తోంది, ఎదురుగా గేటు కూడా సరిగా కనపడని వెలుతురు. స్విట్జర్లాండ్ వాడు ఓడర్‌మాట్ గెలిచాడు. పేరున్న వాళ్లు చాలామంది కింద దాకా రాలేకపోయారు. షీటులో వాళ్ల పేర్లన్నీ అడుగున, టైమ్ లేకుండా ఉంటాయి. ఆరిఫ్ ఖాన్ రెండు రన్‌లూ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచాడు. గెలిచినవాడికి 37 సెకన్ల పైగా వెనక, అది దాచాల్సిన పని లేదు, ఆ ఆటలో అది చాలా పెద్ద దూరం. అయినా అతని పేరు పక్కన టైమ్ అచ్చయి ఉంది.

ఇంకో షీటు కూడా దాచుకున్నాను. 2014 సోచీ. మన ఒలింపిక్ సంఘం మీద సస్పెన్షన్ ఉన్న రోజులవి. శివ కేశవన్ పేరు పక్కన ఇండియా అని ఉండదు, ఐ ఓ పి అని మూడక్షరాలుంటాయి, అంటే ఏ దేశమూ లేని ఆటగాడు. అతని రేసు అయిపోయిన రెండు రోజులకి సస్పెన్షన్ తీసేశారు. రెండు రోజులండీ! మా దగ్గర బాండు మీద పేరు తప్పు పడితే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి సరిచేస్తాం. ఆ షీటుని ఎవరు సరిచేస్తారు?

సరే, ఏవైనా అడగాలంటే అడగండి. (ఒక పాప: పెదనాన్నా, నువ్వెప్పుడు వెళ్తావు మంచు చూడ్డానికి?) మంచి ప్రశ్నే వేశావమ్మా. గుల్మార్గ్‌లో మంచు బాగుండేది ఫిబ్రవరిలో, మా స్టోరేజీ గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరేదీ ఫిబ్రవరిలోనే. ఇరవై ఏడేళ్లుగా ఆ నెల సెలవు ఇవ్వమని అడిగే ధైర్యం చేయలేదు. వచ్చే ఫిబ్రవరి 6 నుంచి మిలాన్, కోర్తినాలో ఒలింపిక్స్, బయాథ్లాన్ ఆంతోల్జ్ అనే లోయలో పెడుతున్నారు, అప్పుడు మాత్రం సాయంత్రం ఆరయ్యేసరికి గేటు దాటుతానని ఓనరుకి ఇప్పుడే చెప్పి పెట్టాను. ఊఁ అన్నాడు, విన్నాడో లేదో.

(ఇంకొకరు: ముందు ఏది చూడమంటారు?) జనవరి ఒకటి, గార్మిష్. మనకి సాయంత్రం ఆరున్నరకి. జంటలు జంటలుగా దూకుతారు, ఇరవై అయిదు జంటలు, ఓడినవాళ్లలో మెరుగైన అయిదుగురు కూడా రెండో రౌండుకి వెళ్తారు, ఆ లెక్క నేను పక్కన కూర్చుని చెప్తా. మా ఇల్లు తెలుసుగా, బ్రాడీపేట పధ్నాలుగో లైను చివర. మా ఆవిడ మిరపకాయ బజ్జీలు వేస్తానంది. ఆరింటికల్లా వచ్చేయండి, మొదటి జంట దూకేలోపు ఒక వాయి అయిపోతుంది.